గుల్దానే చేతి బరువు

గుల్దానేకి ఒళ్లు మండిపోతోంది. నలభై ఏళ్లు హమామ్‌లో, అంటే ఊరి ఆవిరి స్నానశాలలో, ఆడవాళ్ల వీపులు రుద్దిన మనిషిని పట్టుకుని, నిన్నగాక మొన్న పనిలో చేరిన ఆ ఆస్పత్రి పిల్ల ఎంత మాటంది!

మేనల్లుడు ఇల్కాయ్ ఇస్తాంబుల్లో బట్టతల మీద వెంట్రుకలు నాటించుకుని అది మూడో రోజు. తొలిసారి తల కడగడం ఆస్పత్రిలోనే అయింది. ఆ పిల్ల నెత్తికి నురుగు పట్టించి, ముప్పావుగంట ఆగి, గోరువెచ్చని నీళ్లు పోసింది. "పది రోజులు ఇంతే. రుద్దకూడదు, గోకకూడదు. వేళ్లూనకముందే ఊడితే మళ్లీ రావు" అని చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. ఇంటి దగ్గర ఎవరు కడుగుతారని అడిగింది. గుల్దానే నోరు తెరిచేలోపే ఇల్కాయ్ అందుకున్నాడు.

"నేనే కడుక్కుంటానండీ. మా అత్త హమామ్ మనిషి. ఆవిడ చెయ్యి పడిందంటే వెంట్రుకలేం ఖర్మ, తోలే ఊడొస్తుంది!"

ఆ పిల్ల పకపకా నవ్వింది. "అయితే ఆవిణ్ణి దగ్గరికి రానివ్వకండి."

రానివ్వద్దట! సొంతూరు చోరుమ్ వెళ్లే బస్సెక్కి మూడు గంటలైనా ఆ నవ్వు గుల్దానే చెవుల్లోంచి పోలేదు.

"చిన్నప్పుడు నీ మెడమీది మట్టంతా వదలగొట్టింది ఎవర్రా?"

"అందుకేగా భయం. ఆ మంట ఇప్పటికీ గుర్తుంది."

"ఓరి విశ్వాసం లేనివాడా!"

"అత్తా, మూడు సంబంధాలు ఈ నెత్తి చూసే తప్పిపోయాయి. నీకు దణ్ణం పెడతా, నా తల జోలికి మాత్రం రాకు."

చెమట పోస్తోందని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడే బస్సులో పనిచేసే మీసాలాయన నిమ్మ కొలోన్ సీసా, అదే స్పిరిటు కలిసిన అత్తరు, పట్టుకుని ప్రయాణికుల చేతుల్లో పోస్తూ వరసగా వచ్చాడు. ఎవరికి వాళ్లు దోసిలి పట్టారు. ఇల్కాయ్ కూడా పట్టాడు. చేతులు రుద్దుకున్నాడు, మొహానికి పులుముకున్నాడు, మెడకి రాసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఉన్న అలవాటు ఎక్కడికి పోతుంది? మిగిలిన తడి అరచేతులతో నెత్తిమీద సుతారంగా అద్దుకున్నాడు.

వాడి కేకకి డ్రైవరు బ్రేకు తొక్కాడు.

"చచ్చాన్రా నాయనా! మంట! అత్తా, మంట!"

"చెయ్యి తియ్యి! ముట్టుకున్నావంటే విరగ్గొడతా!" అంది గుల్దానే. అప్పటికే లేచి నిలబడింది. "డ్రైవరుగారూ, పక్కకి ఆపండి. ఓ మీసాలాయనా, టీకి కాచిన నీళ్లు తీసుకురా. చల్లనీళ్ల సీసాలు ఎన్నుంటే అన్ని పట్రా!"

రోడ్డు పక్కన, బస్సు మెట్టుమీద వాణ్ణి వంచి కూర్చోబెట్టింది. కాగితపు గ్లాసులో వేడినీళ్లు, చల్లనీళ్లు కలిపి మణికట్టు లోపలివైపు పోసుకుని చూసింది. వేడెక్కువైంది, పారబోసింది. మళ్లీ కలిపింది. ఈసారి సరిపోయింది. నుదుటికి పైనుంచి వెనక్కి, దారం జారినట్టు పోసింది. ఒక గ్లాసు, పది గ్లాసులు, పదిహేను. ప్రయాణికులంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. వేలికొస కూడా నెత్తికి తగలలేదు. చుట్టూ జారిన తడిని మాత్రం కొత్త రుమాలుతో మెడ దగ్గర అద్దింది.

మంట తగ్గింది. అయినా ఇల్కాయ్ ఏడుస్తూనే ఉన్నాడు. "పోయాయా అత్తా? అన్నీ పోయాయా?"

"నన్నేం అడుగుతావు? నేను తోలు ఒలిచేదాన్ని కదా! ఆ నవ్వుల పిల్లనే అడుగు."

ఫొటోలు తీసి, జరిగిందంతా రాసి ఆస్పత్రికి పంపాడు. కాసేపటికి ఆ పిల్లే ఫోన్ చేసింది. "ఎర్రబడింది, అంతే. ఒక్కటీ కదల్లేదు. ఇంకాస్సేపు అలాగే వదిలేసుంటే ఏమయ్యేదో! ఎవరండీ అంత బాగా కడిగారు? నర్సా?"

ఇల్కాయ్ అత్త వైపు చూసి తల దించుకున్నాడు. "హమామ్ మనిషి" అన్నాడు.

ఫోన్లో నవ్వు వినపడలేదు.

బస్సు కదిలింది. ఇల్కాయ్ అత్త వైపు వంగి గొణిగాడు. "అత్తా, రేపు పొద్దున కూడా నువ్వే..."

"నా చెయ్యి బరువు."

"తప్పయిపోయింది అత్తా."

గుల్దానే కిటికీ వైపు తిరిగింది. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. చల్లారనివ్వదలచుకోలేదు కూడా.

"ఏడింటికి వస్తా. అప్పటికి నీళ్లు కాచి ఉంచు" అంది. "మీ ఇంట్లో ఉన్న కొలోన్ సీసాలన్నీ తెచ్చి మా ఇంట్లో పడెయ్యి. నీ చేతికంటే నా చెయ్యే నయం."