దొంతిగూడ వాగు మీద గోడ

మొగిలి చావును ఊరంతా నిలబడి చూసింది. చూడాలని కాదు, దగ్గరికి పోనియ్యలేదు గనుక.

దొంతిగూడ నానక్‌రామ్‌గూడ టవర్ల వెనక ఉంటుంది. పడమట గుట్ట, గుట్ట కింద కుంట, కుంట కింద ఆకుకూరల మడులు, మడుల పక్కనే ఇళ్లు. గుట్ట మీద కురిసిన వాన కుంటలోకి దిగుతుంది. కుంట నిండితే అలుగు పారి వాగులో కలిసి తూర్పుకు పోతుంది. వాగు అవతల ఊళ్లో పోయినవాళ్లను పూడ్చే బొందలగడ్డ. మణికొండలో పొద్దున్నే అమ్ముడయ్యే పాలకూర, కొత్తిమీర ఈ మడుల్లోవే. మొగిలి పండిస్తే అతని భార్య బుచ్చమ్మ గంపలో పెట్టుకుని అపార్ట్‌మెంట్ల ముందు అమ్మేది.

ఆ ఎండాకాలం ఒక కంపెనీ వాగుకు అడ్డంగా గోడ లేపింది. బొందలగడ్డ గోడ అవతల ఉండిపోయింది. ఊరివాళ్లు పోయి అడిగితే మేనేజర్ విశ్వేశ్వరరావు కుర్చీలు వేయించి, చల్లటి నీళ్లిప్పించాడు.

"వాగంటున్నారు, ఎక్కడుందండీ? చుక్క నీరు కనపడట్లేదు. అయినా మీ మాట కాదనడమెందుకు, తూము పెట్టిస్తాం" అన్నాడు.

గోడ అడుగున తూము పెట్టి, ఇనప ఊచలు బిగించారు. వానాకాలం వచ్చింది. తూములోంచి నీళ్లు పోయి కంపెనీ తవ్విన సెల్లార్లో పడుతుంటే, లోపలి నుంచి ఇసుక బస్తాలు పేర్చి తూము మూసేశారు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆగకుండా కురిసిన వానకు నీళ్లు వెనక్కి తన్ని మడులను ముంచాయి. ఇళ్లలోకి వచ్చాయి. మొగిలి నడుములోతు నీళ్లలో గోడ దాకా పోయి, ఊచల మధ్య చెయ్యి పెట్టి బస్తాలు నెట్టబోయాడు. పై బస్తా జారి అతని చేతిని ఊచలకు అదిమేసింది. ఇక చెయ్యి రాలేదు. నీళ్లు ఛాతీకి వచ్చాయి.

గోడ మీది నుంచి సెక్యూరిటీవాళ్లు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. దగ్గరికి ఈదబోయిన వాళ్లను వెదురు కర్రలతో నెట్టేశారు.

"అన్నా, మీ కాళ్లు మొక్కుత. జర ఆ బస్తాలు తియ్యున్రి. పాణం పోతున్నది" అని బుచ్చమ్మ మొత్తుకుంది.

వాళ్లలో ఒకడు మేనేజర్‌కు ఫోన్ చేశాడు. "తీస్తే సెల్లార్లో సిమెంటంతా తడుస్తదంట. సార్ వస్తుండు, ఆగుమన్నడు" అని చెప్పాడు.

లోపల పనిచేస్తున్న కూలీల్లో ఓబులేసు అనేవాడు బస్తాల మీదికి ఉరికాడు. ఒక బస్తా లాగేలోపే కర్రతో తల పగలగొట్టి ఈడ్చుకుపోయారు. నీళ్లు మొగిలి గడ్డం దాటాయి, నోరు దాటాయి. కాసేపు తల పైకెత్తి ఊపిరి తీశాడు. తర్వాత అదీ లేదు.

సార్ వచ్చాడు. "వాన మా చేతుల్లో లేదు కదండీ" అన్నాడు. ఇనుము దొంగతనానికి పోయి చచ్చాడని పోలీసులు చెప్పారు.

మర్నాడు ఊచల నుంచి విడిపించిన శవాన్ని, తడవకుండా మిగిలిన ఒకే చోట, బడి వరండాలో పడుకోబెట్టారు. బొందలగడ్డకు పోవాలంటే కంపెనీ గేటు దాటాలి, దాటనివ్వరు. మొగిలి తమ్ముడి కొడుకు సాయిచంద్ క్యాబ్ నడుపుతాడు. పెట్రోలు డబ్బా పట్టుకొచ్చాడు.

"నడువున్రి, ఆ కూలీల షెడ్లు తగలబెడదం. గోడ కట్టింది వాళ్లే గద."

"కట్టిపిచ్చింది ఎవడురా?" అంది బుచ్చమ్మ. "నీ పెద్దనాయిన కోసం తల పలగ్గొట్టుకున్నోడు ఏడుంటడు? గా షెడ్లనే గద. డబ్బ కింద వెట్టు."

కాలేజీలో చదివే జ్యోత్స్న లేచింది. "కోర్టుకు పోదం అత్తా."

"పోదం బిడ్డా. శవం గప్పటిదాంక ఆగుతదా?"

బుచ్చమ్మ చెంగు నడుముకు చుట్టుకుని, చుట్టు తిరిగి రోడ్డు మీదుగా షెడ్లకు నడిచింది. ఆడవాళ్లు ఆమె వెంట కదిలారు, తర్వాత మగవాళ్లు.

ఓబులేసు తలకు కట్టుతో రేకుల షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు. అనంతపురం దిక్కు నుంచి వలస వచ్చినవాడు. బుచ్చమ్మను చూసి లేచాడు.

"ఊచల్లోంచి ఆయప్ప ఏళ్లు ఈతట్టు వచ్చినాయమ్మా. పట్టుకున్న్యా. నన్ను ఈడ్చేదాకా గట్టిగా పట్టుకునే ఉన్న్యాడు" అన్నాడు. "మా ఊర్లో నీళ్లు ల్యాక సేన్లు ఎండిపోతే ఈడికొస్తిమి. ఈడ సూస్తే నీళ్లు పెట్టి మనిసిని సంపినారు."

"గోడ పలగ్గొట్టాలె తమ్మీ. మాకొక్కల్లకు చాతగాదు."

కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పని పోతే పిల్లోల్లకు ఏం పెట్టల్ల?" అన్నాడొకడు. "రేపు మనల్ని ముంచినా ఇట్లే సూస్తారు" అన్నాడింకొకడు. వాదన పెరిగింది. ఓబులేసు భార్య సరోజమ్మ ఆ వాదన మధ్యలోంచి లేచింది. షెడ్డులోకి పోయి గడ్డపార తెచ్చింది.

గోడకు రెండు వైపులా దెబ్బలు పడ్డాయి. కట్టిన చేతులకు దాని బలహీనత తెలుసు. సెక్యూరిటీవాళ్లు కర్రలెత్తారు గానీ, అంతమందిని చూసి వెనక్కి తగ్గారు. గోడ కూలింది. నీళ్లు పాత దారి పట్టి ఉరికాయి. సెల్లారు నిండింది.

"సిమెంటు పోతోందండీ" అని విశ్వేశ్వరరావు గట్టున పరుగెత్తాడు. ఆ రెండు రోజుల్లో అతని గొంతు వణకడం అదే మొదటిసారి.

నీటి ఉరవడి తగ్గాక మొగిలిని తెచ్చారు. బొందలగడ్డకు తీసుకుపోబోతే బుచ్చమ్మ ఆపింది.

"గట్టు మీద గోడ పునాది ఉన్న జాగలనే తవ్వున్రి. మల్ల గోడ లేపాలంటే ఈన రొమ్ము మీదికెల్లి లేపాలె. చూస్త, ఎవడు లేపుతడో."

ఊరివాళ్లు, వలస కూలీలు కలిసి తవ్వారు. మట్టి పూడ్చుతుండగా పోలీసు వ్యాన్లు వచ్చాయి. లాఠీలు లేచాయి. సాయిచంద్‌ను కాళ్లు పట్టి లాగారు. ఓబులేసు గడ్డపార వదలకపోతే బూటుతో వేళ్లు నలగ్గొట్టారు.

"ఆ శవాన్ని తీయించండి సార్. రేపు పని మొదలుపెట్టాలి" అన్నాడు విశ్వేశ్వరరావు. గొంతు మళ్లీ మామూలుగానే ఉంది.

బుచ్చమ్మ పచ్చిమట్టి మీద కూర్చుంది. ఆమెను జుట్టు పట్టి ఈడ్చి వ్యాన్లో పడేశారు. ఆ చోట సరోజమ్మ కూర్చుంది. ఆమెనూ ఈడ్చారు. జ్యోత్స్న కూర్చుంది. ఆమె తర్వాత షెడ్లలో వంట చేసే ముసలామె. పక్క సైట్లలో పని ఆపి, హెల్మెట్లు చేతబట్టుకుని ఇంకా మనుషులు వాగు గట్టు దిగి వస్తున్నారు.

వ్యాను నిండింది. ఇంకొకటి పిలిపించారు. అదీ నిండింది. మొగిలి మీది మట్టి ఒక్క క్షణమైనా ఖాళీగా లేదు.