పలకల పెట్టెలో పద్యాలు

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మా ఆయన పద్యాలు విననని నేను ఎన్నడూ అనలేదు. కూర కలుపుతూ విన్నాను, బియ్యం ఏరుతూ విన్నాను, పిల్లకు జడ వేస్తూ విన్నాను. నేనొక్కదాన్నీ వింటే ఆయనకు చాలేది కాదు. మార్కాపురంలో పలకల వ్యాపారి ఉమామహేశ్వర్లును ఎరగనివాళ్ళు లేరు. పద్యాలు రాసే ఉమామహేశ్వర్లును ఎరిగినవాళ్ళు లేరు. బయటివాళ్ళెవరైనా, ఒక్కరంటే ఒక్కరు, తన పద్యాలన్నీ మొదటినుంచి చివరిదాకా చదవాలని ఆయన కోరిక.

ఆ కోరిక చెన్నపట్నం దాకా ఎలా పాకిందో గానీ, పత్రికలో అక్కడి పుస్తకాల కంపెనీవాళ్ళ పద్యాల పోటీ ప్రకటన ఒకటి పడింది. అయిదు పద్యాలు పంపితే పది రోజులకే జవాబు వచ్చింది. మొదటి బహుమతి ఆయనదే. కవిమయూర అని బిరుదు కూడా ఇచ్చారు. తమ కవిత్వము అమృతధార అనీ, చదువుచు మైమరచితిమనీ రాశారు. పద్యాలన్నీ పుస్తకంగా అచ్చు వేస్తారట. కవిగారు మూడు వందల ప్రతులు కొనుక్కుంటే చాలునట. బహుమతి వచ్చినవాడు ఎదురు డబ్బు కట్టడమేమిటని అడిగితే నా మీద మొహం మాడ్చుకున్నాడు. అంతకు ముందు ఆ మొహంలో అంత సంతోషం చూశానేమో, మళ్ళీ నోరెత్తలేకపోయాను.

మూడు వందల పుస్తకాలూ రైల్లో వచ్చాయి. దుకాణానికి వచ్చిన ప్రతివాడి చేతిలోనూ ఒకటి పెట్టాడు. వాళ్ళు కళ్ళకద్దుకుని మరీ తీసుకున్నారు. ఆ తరువాత మా వీధి వదిలేసి పక్క వీధిలోంచి పోవడం మొదలుపెట్టారు. మిగిలిన రెండు వందల డెబ్భై పుస్తకాలు మా పడకగదిలో గోడవారగా చేరాయి. నేను వాటిని తన్నుకుంటూ తిరిగాను.

ఆ శ్రావణంలో ముసురు పట్టి పది రోజులు వదల్లేదు. గిద్దలూరులో రామలింగయ్య అనే బట్టల వ్యాపారి కూడా పద్యాలు రాస్తాడని విని, మా ఆయన ఆ వానలోనే పుస్తకం తీసుకుని ఆయన దగ్గరకు పోయాడు. మా ఆయన అటు పోగానే మా పలకల షెడ్డులోంచి యేసుమణి వచ్చింది. పలకలు పెట్టెల్లో సర్దే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. పలకకూ పలకకూ నడుమ వరిగడ్డి పెట్టి సర్దుతారు, లేకపోతే దారి కుదుపులకు పగిలిపోతాయి. ముసురుకు ఆ గడ్డి అంతా తడిసి కుళ్ళిపోయింది. టెక్కలికి పోవలసిన పెట్టెలేమో మరునాడే బండికెక్కాలి.

"కాగితాలన్నా ఉంటే ఇయ్యక్కా, సర్దేస్తాం" అంది.

నాకేం బుద్ధి పుట్టిందో, నలభై పుస్తకాలు తెచ్చి ఆమె ముందు పడేశాను. ఆమె వాటిని చూసి జంకింది. మీ అన్నకు నేను చెప్పుకుంటాలే, చింపి సర్దమన్నాను. ఒక్కో పుస్తకంలో ముందు సగం చింపేసరికే సరిపోయి, పెట్టెలు వెళ్ళిపోయాయి.

రెండు రోజులకు మా ఆయన తిరిగి వచ్చి, చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూలబడ్డాడు. రామలింగయ్య దుకాణంలో ఒక ఉత్తరం అద్దం కట్టించి తగిలించి ఉందట. అదే బిరుదు, అదే అమృతధార, అదే మైమరుపు. చేత్తో రాసిన పేరు ఒక్కటే తేడా, తక్కినదంతా అచ్చు.

"వాళ్ళు ఒక్క ముక్క కూడా చదవలేదు, పార్వతీ" అన్నాడు.

అలాంటప్పుడు చెప్పవలసి వచ్చింది నా ఘనకార్యం. ఇల్లెగిరిపోయేలా అరుస్తాడనుకున్నాను. "మంచి పని చేసినావులే. దేనికన్నా పనికొచ్చినాయి" అని లోపలికి పోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆనాటినుంచి పద్యం లేదు, పాదం లేదు. బియ్యం ఏరుతుంటే ఇల్లు బావురుమనేది. నా చేతులారా ఆయన నోరు మూయించానని చాటుగా ఏడ్చాను కూడా.

నెల తరువాత టెక్కలినుంచి ఉత్తరం వచ్చింది. పలకలు పగిలాయన్న ఫిర్యాదే అనుకుని విసుగ్గా విప్పాడు. రాసినవాడు అక్కడి మిషన్ బడి పంతులు, వరప్రసాదం అని.

"పలకలు ఒక్కటీ పగలలేదు. మధ్యనున్న కాగితాలను పిల్లలచేత ఏరించి, వరస కలిపి చదివాను. కొండల మీద వెన్నెల గురించి మీరు పన్నెండు పద్యాలు రాశారు. పదకొండు తీసివేయవచ్చును. పలకలు అరగదీసే ఆడవాళ్ళ చేతులను గురించి ఒక్కటే రాసి ఊరుకున్నారు. అది మా బడిలో అందరికీ నోటికి వచ్చింది. అది నేర్చినప్పటినుంచి మా పిల్లలు పలక మీద ఉమ్మి తుడవడానికి సిగ్గుపడుతున్నారు. మాకు నలభయ్యో పేజీ వరకే అందింది. తక్కినది పంపగోరుతాను. పలకలు కూడా ఇంకొక రెండు పెట్టెలు పంపండి."

"పదకొండు తీసేయమంటున్నాడు" అన్నాడు మా ఆయన. పంతులును నాలుగు కడిగేద్దామని నేను నోరు తెరిచేలోగా చూస్తే, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"చదివినాడు, పార్వతీ. పన్నెండూ చదివినాడు."

అన్నం చల్లారిపోతున్నా లేవకుండా ఆ పన్నెండు పద్యాలూ ముందేసుకుని కూర్చున్నాడు. ఒకటి కొట్టేస్తాడు, మళ్ళీ రాసుకుంటాడు. చివరికి, కనీసం మూడు ఉంచుకోనివ్వమని బేరమాడుతూ పంతులుగారికి జవాబు రాశాడు.