పిట్ట ముట్టిన నీళ్లు

లింగమూర్తి తెచ్చే నీళ్లంటే కరుణకు ప్రాణం. మూడో నెల పడ్డప్పటి నుంచి ఆమెకు సూరత్‌లో తాముండే అమ్రోలి నల్లా నీళ్లు గొంతు దిగడం లేదు. గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకుంటే చాలు, మున్సిపాలిటీ వాళ్లు కలిపే మందు వాసన ముక్కుకు కొట్టి, తిన్నదంతా బయటికి వచ్చేసేది. అందుకని తండ్రి ప్రతి ఆదివారం, కిమ్ అనే ఊరి దగ్గర తాను కాపలా ఉండే చెరకు తోట నుంచి నీలం క్యాను నిండా బోరు నీళ్లు పట్టి, మోపెడ్ మీద ముందర పెట్టుకుని తెచ్చేవాడు.

సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, బతుకంతా బట్టల కార్ఖానాలోనే గడిపిన మనిషి. మరమగ్గాల సాంచాల మోతకు ఒక చెవి పోయాక ఆ పని మానేసి తోటలో కుదిరాడు. భార్య అంతకుముందే పోయింది. ఉన్నది ఒక్కతే కూతురు. పరాయి ఇంటికి పంపడమెందుకని సొంత అక్క సారక్క కొడుకు మల్లేష్‌కే ఇచ్చి చేశాడు. అక్క నోరు ఎలాంటిదో చిన్నప్పటి నుంచి తెలిసి కూడా ఇచ్చాడు.

"వచ్చిండమ్మా, గంగను మోసుకొని," అనేది సారక్క, గడప ముందు మోపెడ్ ఆగగానే. "మేమందరం నల్లా నీళ్లే తాగుతున్నం. ఏమన్న సచ్చిపోయినమా? నీ బిడ్డకే దిగుతలేవు."

"ఓసారి తాగి సూడక్కా. కొబ్బరి నీళ్ల తీరుంటయ్."

"నాకెందుకు తీ. మీ మహారాణికే తాపు. వేరేటోళ్లు క్యాను ముడితే మల్ల మూతి ముడుస్తది."

సారక్క చిన్న కోడలు అనురాధ కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్ల. ఆ క్యాను వైపు ఆశగా చూసేది గానీ, అత్తకు భయపడి అడిగేది కాదు. కరుణ మాత్రం చెంబు ఎత్తి ఆగకుండా తాగి, మూతి తుడుచుకుని నవ్వేది.

"బాపూ, బావ గీ నీళ్లు కాగవెట్టుకొని తాగుమంటుండు."

"కాగవెడితే తీపి పోతది బిడ్డా. నేను రోజు తాగుతలేనా? నాకేమన్న అయ్యిందా?"

నిజమే, లింగమూర్తికి ఏమీ కాలేదు.

ఆ తోటలో చెరకు ఏపుగా పెరగడానికి ఒక కారణం ఉంది. ఊరి బయట కొత్తగా కట్టిన ఇళ్ల సొసైటీల్లో పాయఖానా గుంటలు తోడే టాంకర్లను తోట యజమాని సేటు లోపలికి రానిచ్చేవాడు. గేటు తీసి, ఎక్కడ ఒంపాలో చూపించడం లింగమూర్తి పని. మామూలుగా తోట చివర ఒంపించేవాడు. వానాకాలంలో మాత్రం టాంకర్ అంత దూరం పోతే బురదలో దిగబడుతోందని, బోరు షెడ్డు వెనకే ఒక గుంట తవ్వించి అక్కడ ఒంపమన్నాడు. ఆ ఆలోచన సేటుది కాదు, అతనిదే. సేటు మెచ్చుకున్నాడు కూడా. వానలు పోయినా టాంకర్లు అక్కడికే అలవాటు పడ్డాయి. కంపు రెండు రోజులు ఉండి పోయేది. బోరు నీళ్లు మాత్రం ఎప్పటిలాగే అద్దంలా వచ్చేవి. మట్టి దేన్నయినా వడకడుతుందని లింగమూర్తి నమ్మకం. సేటు టౌను నుంచి సీసా నీళ్లు తెప్పించుకుని తాగితే, ఉన్నోళ్ల సోకులు అనుకుని నవ్వుకున్నాడు.

చలికాలం మొదట్లో చెరకు నరకడానికి డాంగ్ కొండల నుంచి కూలీలు దిగారు. వాళ్లలో రమీలా అనే ఆమె మొగుడికి కామెర్లొచ్చి కళ్లు పచ్చబడ్డాయి. కొన్నాళ్లకు ఇంకొకడికి కూడా. రమీలా లింగమూర్తిని వెతుక్కుంటూ వచ్చి బోరు వైపు వేలు చూపించింది.

"కాకా, పానీ ఖరాబ్ ఉంది. ఆ గుంట బంద్ చేయించు."

"తాగేది మీరు, తప్పు నీళ్లదా?" అని కసిరాడు లింగమూర్తి తనకొచ్చిన హిందీలో. "దారూ తాగి పసిరికలు తెచ్చుకుని, నా బోరుకు పేరు పెడతారా? చల్, నికల్!"

సేటుకు కూడా అదే చెప్పాడు. ఆ పూటే రమీలానూ మొగుణ్నీ వెళ్లగొట్టారు. రమీలా మొగుడు నడవలేకపోయాడు. ఆమె ఒక భుజం మీద మూట, ఇంకో భుజం మీద మొగుడి చెయ్యి వేసుకుని రోడ్డు దాకా ఈడ్చుకుంటూ పోయింది. వెనక గేటు వేసింది లింగమూర్తే. పక్కనున్న టాంకర్ డ్రైవర్ వైపు చూసి, వీళ్లవన్నీ నాటకాలని నవ్వాడు.

సంక్రాంతి పోయిన వారానికి, కరుణకు ఎనిమిదో నెల నడుస్తుండగా కళ్లు పచ్చబడ్డాయి.

"పసిరికలే. పసరు తాపిస్తే పోతయ్," అంది సారక్క. సూరత్‌లోనే ఖటోదరాలో మన తెలుగువాళ్లే ఒకాయన ఆకు పసరు ఇస్తాడంటే అక్కడికి తీసుకుపోయారు. పసరు తాగిన మూడో రోజుకు కరుణ మాట తడబడింది. అన్నం ముందు పెట్టుకుని అదేంటని అడిగింది. అప్పుడు గాబరా పడి ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తెచ్చారు.

లింగమూర్తి క్యానుతో సహా అక్కడికే వచ్చాడు. మల్లేష్ నెత్తురు తేవడానికి పోయాడు, సారక్క మందుల లైనులో ఉంది. వార్డు ముందు బెంచీ మీద అతనొక్కడే ఉన్నప్పుడు డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసే. హిందీలో నెమ్మదిగా అడిగింది.

"అమ్మాయి ఏ నీళ్లు తాగుతుంది?"

"ఎందుకు మేడమ్?"

"ఇది పాయఖానా కలిసిన నీళ్ల నుంచి వచ్చే వైరస్. మామూలు మనుషులకైతే వచ్చి పోతుంది, కొందరికి వచ్చినట్టు కూడా తెలియదు. కడుపుతో ఉన్నవాళ్లకు వస్తే మాత్రం లివర్ పాడై ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లు చూడటానికి బాగానే ఉంటాయి. రుచి కూడా మారదు. ఆమె తాగేది బోరా, నల్లానా?"

క్యాను అతని కాళ్ల మధ్యే ఉంది. లింగమూర్తి మడమతో దాన్ని బెంచీ కిందికి నెట్టాడు.

"నల్లా నీళ్లే మేడమ్."

"ఇంట్లో ఇంకెవరైనా కడుపుతో ఉంటే, కాచి చల్లార్చకుండా ఏ నీళ్లూ తాగనివ్వకండి," అని చెప్పి ఆమె లోపలికి పోయింది.

తర్వాత అతన్ని కూతురి దగ్గరికి పంపారు. కరుణ కళ్లు తెరిచే ఉంది. తండ్రిని చాలాసేపు చూసింది.

"అన్నా," అంది. "మా బాపు వచ్చిండా సూడవా? నీళ్లు తెస్తడు."

"నేనే బిడ్డా. నేనే మీ బాపును."

"మా బాపు క్యాను తెస్తడు," అంది ఆమె చిన్నపిల్లలా. నర్సు ఇచ్చిన నీళ్లు అతను చెంచాతో నోట్లో పోశాడు. ఆమె ఉమ్మేసింది. "ఇవి గాదు."

మర్నాడు పొద్దున్నే కరుణ పోయింది. కడుపులో బిడ్డ అంతకుముందే పోయింది.

మనిషి పోయిన మూడో నాడు వాళ్లకు ఇష్టమైనవన్నీ ఇస్తరాకులో పెట్టి పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ల మనసు తీరినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. ముందు రోజు సాయంత్రం సారక్క తమ్ముడి చేతులు పట్టుకుని ఏడ్చింది.

"దాన్ని ఎన్ని మాటలన్ననో తమ్మీ. సచ్చేటప్పుడు గూడ నీ నీళ్లే అడిగిందట గదా. అవి పెట్టకపోతే దాని పానం కొట్టుకుంటది. జర పొయ్యి పట్టుకరా."

తెల్లారి పొద్దున్నే లింగమూర్తి తోటకు పోయాడు. గేటు ముందు టాంకర్ ఆగి ఉంది. సేటు కారులోంచి తల బయటపెట్టాడు.

"ఎక్కడ చచ్చావ్ ఇన్ని రోజులు?"

"బిడ్డ పోయింది సేట్. పసిరికలొచ్చి."

"అరెరె." సేటు సీసా ఎత్తి ఒక గుక్క తాగాడు. "మీలో ఆడోళ్లు కూడా దారూ తాగుతారా?"

పసిరికలకు దారూయే కారణమని ఆ సేటుకు చెప్పింది లింగమూర్తే.

"సేట్, ఆ గుంట..."

"ముందు గేటు తియ్యి. బండి ఎంతసేపు ఆగాలి?"

గేటు తీశాడు. టాంకర్ బోరు షెడ్డు వెనక్కి పోయి, ఎప్పటిలాగే ఒంపింది. లింగమూర్తి క్యాను నింపి ఎత్తి చూశాడు. నీళ్లలో ఒక్క నలక లేదు. అక్కడే బోర్లించేశాడు. అమ్రోలి వచ్చాక, సందు మొదట్లో ఉన్న నల్లా కింద క్యాను పెట్టి నింపుకుని తాపీ నది ఒడ్డుకు పోయాడు.

అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు. ఇస్తరాకులో అన్నం, గారెలు, చేపల పులుసు, పక్కన స్టీలు గ్లాసులో నీళ్లు. కాకి ఒకటి దిగింది. అన్నం చుట్టూ తిరిగింది గానీ ముట్టలేదు. గంతేసి గ్లాసు దగ్గరికి పోయి, ముక్కు ముంచి తల పైకెత్తి తాగింది. మళ్లీ తాగింది.

"ముట్టింది! బాపు నీళ్లు ముట్టింది!" అని సారక్క ఉరికొచ్చి తమ్ముడి భుజం మీద పడి బావురుమంది. మల్లేష్ ముఖం తువ్వాలుతో కప్పుకున్నాడు.

కాసేపటికి సారక్క కళ్లు తుడుచుకుని అనురాధను ముందుకు లాగింది.

"తమ్మీ, దీనికి గూడ మూడో నెల పడ్డది. నల్లా నీళ్లకు ఒకటే కక్కుడు. ఇయ్యాల్టి సంది దీనికి తెచ్చిపెట్టు. నా కరుణనే మల్ల వచ్చి దీని కడుపుల పడుతదేమో."

అనురాధ సిగ్గుగా తల వంచుకుంది. "ఇంట్ల అక్క బిందెల పోసిపెట్టుకున్నయ్ కొన్ని మిగిలినయ్ మామా. నిన్న సంది అవే తాగుతున్న. మంచిగ దిగుతున్నయ్."

లింగమూర్తి మోకాళ్ల మీద ఇసుకలో కూలబడ్డాడు.

"తాగకు బిడ్డా. గా నీళ్లు ముట్టకు. నా కరుణ సచ్చింది గా నీళ్లకే."

"ఏం మాట్లాడుతున్నవ్ రా?" అంది సారక్క. "పిట్ట ముట్టింది గదా!"

"పిట్ట ముట్టినయ్ నల్లా నీళ్లక్కా. మన సందుల పట్టిన. తోట బోరుల పాయఖానా నీళ్లు కలిసినయ్. గుంట అక్కడ తవ్వించింది నేనే."

మల్లేష్ ముఖం మీంచి తువ్వాలు తీశాడు. "ఎవలు జెప్పిన్రు నీకు?"

"డాక్టరమ్మ."

"ఎప్పుడు?"

"నువ్వు నెత్తురు తేను పోయినప్పుడు."

మల్లేష్ క్యానును ఒక్క తన్ను తన్నాడు. అది నీళ్లు ఒలకబోసుకుంటూ దొర్లి బురదలో ఆగింది. సారక్క కింద కూర్చుని నెత్తి కొట్టుకుంటోంది. అనురాధ మాత్రం రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని అతని ముందుకొచ్చి వంగింది.

"మామా, నేను శానా తాగలే. రెండు మూడు గ్లాసులే. గన్నిటికి ఏం గాదు గదా? నువ్వు రోజు తాగితివి, నీకేం గాలే గదా? చెప్పు మామా."

అందరూ లింగమూర్తి నోటి వైపే చూస్తున్నారు.