మూడో గేరు మూలుగు

ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూలు డొక్కు కార్లలో పక్క సీట్లో కూచుని, ఊళ్ళో సగం మందికి క్లచ్చు తొక్కడం నేర్పిన టీచరమ్మ, రిటైరైన నెలలోనే ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కుంది.

అల్లుడు నోరెళ్ళబెట్టాడు. "ఈ వయసులో ఇదేంటత్తయ్యా?"

"వయసు నాకు బాబూ, కారుకి కాదు."

మూడోరోజే మొదలైంది గోల. రెండో గేరు నుంచి మూడోదానికి మార్చినప్పుడల్లా గేరుబాక్సు కర్రుమనేది. లివరు అరచేతిలో అదిరేది. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మరీనూ. తప్పు కాలిదో ఇనుముదో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి ఆవిడ. ఇది ఇనుముదే.

షోరూములో సర్వీసు మేనేజరు తలెత్తలేదు. గదినిండా అతని సెంటే.

"కొత్త గేర్లు కదా మేడమ్, అరగాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదే సర్దుకుంటుంది."

"పళ్ళు అరిగితే సర్దుకోవు నాయనా, ఊడతాయి."

అతను నవ్వాడు. చంటిపిల్లల్ని చూసి నవ్వినట్టు. "క్లచ్చు పూర్తిగా తొక్కుతున్నారా? ఓసారి ఇంట్లో సారుకిచ్చి నడిపించి చూడండి."

టీచరమ్మకి ఒళ్ళు మండింది. ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూసిందని! మొదటి రోజే 'నాకన్నీ వచ్చు' అని కూచుని, స్కూలు గేటుని గుద్దేసే రకం. అయినా తాళాలిచ్చింది.

నాలుగు రోజుల తర్వాత వెళ్తే, కారు తళతళలాడుతూ షోరూము ముందు నిలబడుంది. కడిగారు, తుడిచారు, అద్దానికి సువాసన బిళ్ళ కూడా వేలాడదీశారు. కాగితం మీద 'లోపమేమీ లేదు' అని రాశారు. టీచరమ్మ మీటరు చూసింది. ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు.

"నడపకుండా ఎలా తేల్చారు?"

"కంప్యూటరు పెట్టి చూశాం మేడమ్," అన్నాడు మేనేజరు.

"ఫొటో చూసి జ్వరం లేదన్నట్టుంది. పద, నువ్వే నడుపు. నేను పక్కన కూచుంటా."

కొత్త కార్లు చూడ్డానికొచ్చిన నలుగురూ ఇటు తిరిగారు. ఇక తప్పించుకోలేక మేనేజరు టై సర్దుకుని స్టీరింగు ముందు కూచున్నాడు. షోరూము మెట్ల ముందే రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. స్పోర్ట్స్ కార్లు అమ్మే చోట పనిచేసే మగాడికి గేర్ల బండి సరిగ్గా రాదు! ఇన్నేళ్ళూ క్లచ్చు లేని ఆటోమేటిక్ బండి తప్ప నడిపిన పాపాన పోలేదన్నమాట. టీచరమ్మకి నవ్వు రాలేదు, రోత పుట్టింది.

మెయిన్ రోడ్డెక్కి మూడో గేరు వేశాడు. కర్ర్ర్.

"విన్నావా?"

"అది... నేను తొందరపడ్డాను మేడమ్."

"నిన్నటిదాకా తప్పు నాది. ఇవాళ నీదా? మొత్తానికి బాక్సుది మాత్రం కాదు!"

ముందు ఎర్ర లైటు పడింది. అతను గేరు తీయబోయాడు. లివరు రాలేదు. రెండు చేతులా పట్టుకు లాగాడు. ముందున్న బస్సు వెనకభాగం మీదమీదకి వచ్చేస్తోంది. టీచరమ్మ అందుకుంది.

"చెయ్యి స్టీరింగు మీద పెట్టు! క్లచ్చు తొక్కు. బ్రేకు. పక్కకి తిప్పు. ఇంజను ఆపు. హాండ్ బ్రేకు లాగు."

చెప్పినట్టల్లా చేశాడు, బుద్ధిమంతుడిలా. బస్సుకి బెత్తెడు దూరంలో ఆగారు.

కారుని లారీ మీదెక్కించి తీసుకెళ్ళారు. మర్నాడు షోరూములోని ముసలి మెకానిక్కు బాక్సు విప్పి, మూడో గేరుని జతచేసే ఇత్తడి రింగు తెచ్చి టీచరమ్మ చేతిలో పెట్టాడు. సగం పళ్ళు లేవు.

"ఫ్యాక్టరీలోనే వంకరగా బిగించారమ్మా. రోడ్డు మీద తిప్పి చూద్దామని మొదటిరోజే అన్నాను. సారు వద్దన్నారు."

మూడు వారాలకి కొత్త గేరుబాక్సు వచ్చింది. కారు తీసుకునే రోజున మేనేజరు పూలగుత్తి, ఫొటోగ్రాఫరుతో సహా గుమ్మంలో నిలబడ్డాడు. "ఎంత చిన్న లోపమైనా మా కళ్ళు కప్పలేదు మేడమ్! కనిపెట్టేశాం. మా సేవకి పదికి పది మార్కులు వేస్తారుగా?"

టీచరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "మార్కులు నేర్చుకున్నవాళ్ళకి వేస్తాను నాయనా."

మెకానిక్కుని పిలిచి పక్క సీట్లో కూచోమంది. మూడో గేరు చడీచప్పుడు లేకుండా పడింది. "ఇప్పుడు బావుందమ్మా," అన్నాడాయన. "బావుంది," అంది టీచరమ్మ, వేగం పెంచుతూ.