తాలు లేని బస్తా

క్రోసూరులో ఇంటి నుంచే హైదరాబాదు కంపెనీకి పనిచేసే గోపికకు పొద్దుటి నుంచి అన్నం సయించలేదు. పొర మీద పొరగా గీసిన చిప్పు నమూనా ఫైలును కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. ఒక్క పొర జారినా చిప్పు చెత్తబుట్టకే. నాలుగింటికి స్క్రీన్ మీద పడింది, తప్పులు సున్నా అని. ఆ సున్నా ఎంత తియ్యగా కనిపించిందో! "అంతా సరిగ్గా ఉంది" అని మేనేజరుకు మెయిలు కొట్టేసింది.

వరండాలో మిరపకాయల్లో రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్న తల్లి బుజ్జమ్మ అడిగింది. "ఏమే, అయిందా నీ పని?"

"అయిందమ్మా. ఒక్క తప్పు కూడా రాలేదు."

బుజ్జమ్మ చెయ్యి ఆగింది. "ఒక్కటి కూడానా? బస్తాడు కాయల్లో తాలు ఒక్కటీ లేదని ఎవరన్నా అంటే నేను నమ్మను. అసలు ఏరలేదన్నట్టే."

గోపిక నవ్వబోయి ఆగిపోయింది. పాత ఫైలూ కొత్త ఫైలూ పక్కపక్కన పెట్టి పొరలు లెక్కపెట్టింది. పాతదాంట్లో నలభై రెండు. కొత్తదాంట్లో నలభై ఒకటి. తనకిచ్చిన పొరల పట్టికలో పేరు లేని ఆ ఒక్క పొరను సాఫ్ట్‌వేరు తప్పుగా చూపకుండా, చప్పుడు చెయ్యకుండా వదిలేసింది.

ఫోను తీసేలోపే మేనేజరు మెసేజి వచ్చింది.

"థాంక్స్ గోపికా. ఫ్యాక్టరీకి పంపేశాను."