నా పేరు మీద జబ్బులు

మోకాలి నొప్పికి ఏదైనా పూతమందు రాయించుకుందామని వెళ్తే, నర్సు నా ఫైలు తెరిచి కళ్లద్దాల పైనుంచి నన్ను గుడ్లురిమి చూసింది.

"ఏమ్మా, ప్రాణం మీద తీపి లేదా నీకు? రొమ్ములో గడ్డ ఉంది, ముక్క తీసి పరీక్ష చెయ్యాలి రమ్మంటే, ఐదు నెలలు ఎటు పోయావు?"

"ఎవరికి గడ్డ?"

"నీకే. అక్వేలే సోవా, టెషీ, యాభై మూడేళ్లు. ఎడమ వైపు. ఇక్కడ రాసుంది."

నేను అక్కడికక్కడే ఎడమ వైపు తడుముకున్నాను. ఎందుకైనా మంచిదని కుడి వైపు కూడా తడుముకున్నాను. ఎదురు బెంచీ మీద కూర్చున్న ముసలాయన పాపం మొహం అటు తిప్పుకున్నాడు. గడ్డా లేదు, గిడ్డా లేదు. అయినా నమ్మకం కుదరలేదు. చేతికి తగలనిది డాక్టరు కంటికి కనపడిందేమో, ఎవరికి తెలుసు?

"ఏదీ, ఆ కాగితం ఇటు చూపించు."

ఆవిడ ఫైలు టప్పున మూసేసింది. "పేషెంట్లు చూడకూడదు. రికార్డు గదిలో అడుక్కో. ముందు గురువారం పరీక్షకి రా."

నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పయ్యేళ్లుగా మొక్కజొన్న పిండి పులియబెట్టి కెంకే ముద్దలు వండి అమ్ముతున్నదాన్ని. నా కుండలో ఏముందో నాకే చూపించనన్న మనిషి ఇంతవరకు టెషీలో పుట్టలేదు. కుంటుకుంటూనే రికార్డు గదికి వెళ్లాను.

ఇనప జాలీ వెనకాల నోర్టే కూర్చుని ఉన్నాడు. రోజూ మధ్యాహ్నం నా దగ్గరే రెండు కెంకే ముద్దలు, కారం ఎక్కువ వేయించుకుని తినే మనిషే. ఆ జాలీ వెనక్కి వెళ్లేసరికి ఎక్కడ లేని పెద్దరికం వచ్చేస్తుంది.

"చూపించడానికి వీల్లేదు ఆంటీ."

"ఒళ్లు నాది కదయ్యా!"

"ఒళ్లు మీదే. ఫైలు ఆసుపత్రిది."

"మరి అందులో రాసింది?"

"అది డాక్టరుగారిది."

"అంటే నాకు మిగిలింది నొప్పి ఒక్కటేనన్నమాట."

వరసలో ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. నోర్టే తల మీద గోడకి ఒక బోర్డు ఉంది, సగానికి పైగా క్యాలెండరు కప్పేసింది. జాలీ సందులోంచి నా గొడుగు దూర్చి క్యాలెండరు పక్కకి నెట్టి, అందరికీ వినపడేలా గొంతెత్తి చదివాను. "రోగికి తన ఆరోగ్య వివరాలు తెలుసుకునే హక్కు ఉంది!"

"గోడల మీద చాలా రాస్తారు ఆంటీ. ఉమ్మివేయరాదని కూడా రాశారు."

"అయితే ఉమ్మనా?"

వరసలో ఒకావిడ "ఉమ్మెయ్, ఉమ్మెయ్!" అని హుషారిచ్చింది. నోర్టే నిట్టూర్చి ఒక తెల్లకాగితం జాలీ కింద నుంచి తోశాడు. "దరఖాస్తు రాయండి. కారణం తప్పకుండా ఉండాలి."

రాశాను. 'గడ్డ నాదో కాదో తెలుసుకోవడానికి.'

"ఇలా రాస్తే పైన ఒప్పుకోరు. 'వ్యక్తిగతం' అని రాయండి."

"నా రొమ్ము కంటే వ్యక్తిగతం ఇంకేముంటుందయ్యా?"

పాపం సిగ్గుతో చచ్చిపోతూ ముద్ర కొట్టాడు. రెండంతస్తులు ఎక్కి పెద్ద డాక్టరు సంతకం తెచ్చేసరికి నా మోకాలు నన్ను అమ్మనా బూతులు తిట్టింది. నోర్టే నన్ను లోపలికి పిలిచి, స్టూలు వేసి, బల్ల మీద ఫైలు పెట్టాడు.

నేను నా బతుకులో ఆసుపత్రి మెట్లెక్కింది నాలుగుసార్లు. ఫైలు చూస్తే దిండంత ఉంది!

"మలేరియా," అని మొదలుపెట్టాడు నోర్టే. "మళ్లీ మలేరియా. మొత్తం పదకొండు. పిరుదు మీద సెగ్గడ్డ."

"నాకా?"

"నిద్ర పట్టడం లేదని మాత్రలు." మంచం చూస్తే చాలు గురక పెట్టేదాన్ని నేను! "గొంతులో చేప ముల్లు. రెండేళ్లకి మళ్లీ చేప ముల్లు. పోయినేడాది మళ్లీ... కాస్త నెమ్మదిగా తినండి ఆంటీ."

చేప ముల్లు అనగానే నాకెక్కడో చురుక్కుమంది.

"గడ్డం మీద ఏడు కుట్లు. ట్రోట్రో బండి దిగుతూ పడ్డారు."

గడ్డం తడుముకున్నాను. నున్నగా ఉంది. ఊళ్లో నన్నూ నా కవల చెల్లెల్నీ వేరుగా గుర్తుపట్టేదే దాని గడ్డం మీది ఆ మచ్చతో. మా దగ్గర కవల ఆడపిల్లలు పుడితే పేర్ల కోసం వెతుక్కునే పనే ఉండదు. ముందు పుట్టినది అక్వేలే, వెనకాల పుట్టినది అకూకో. మా అకూకో సముద్రం ఒడ్డున చేపలు పొగబెట్టి అమ్ముతుంది. దాని బీమా కార్డు గడువు తీరిపోయిందంటే, పంటి నొప్పికని నా కార్డు ఇచ్చాను. ఒక్కసారి! అది పదమూడేళ్ల కిందటి మాట. కార్డుండేది ఇద్దరం వాడుకునే బిస్కెట్ల డబ్బాలోనే. ఫోటోలో ఉన్నది ఎలాగూ దాని మొహమే.

అంటే గడ్డ నాది కాదు. దేవుడా, నీకు దండం, నాది కాదు! అలా ఒక్క క్షణం సంతోషించాను. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ మరుక్షణమే, అయితే అది అకూకోదని తెలిసొచ్చింది.

"గురువారం పరీక్షకి పేరు రాయమంటారా?"

"రాయి. వస్తాం."

"వస్తామేంటి? ఎంతమంది?"

"నోరు మూసుకుని రాయి నాయనా."

అకూకో పొయ్యి దగ్గర హెర్రింగు చేపలు తిరగేస్తోంది. నేను వెనకాల నిలబడి అడిగాను. "ఒసే, చేపల మధ్య పుట్టి పెరిగినదానివి, ముల్లు మూడుసార్లు ఎలా మింగావే?"

చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. మెల్లగా నవ్వింది. "ఫైలు చూశావా? చూపించరు కదా!"

"అన్నీ చూశాను. ఎడమ వైపుది కూడా చూశాను."

నవ్వు ఆగిపోయింది. సరిగ్గానే ఉన్న చేపల్ని మళ్లీ సర్దడం మొదలుపెట్టింది.

"అది నీ పేరు మీద ఉంది," అంది.

"ఉంటే?"

"నీ పేరు మీద ఉంది కాబట్టి నాది కాదనుకున్నాను. పొద్దున్నే లేచి, పాపం అక్వేలే, దానికి గడ్డట, అనుకునేదాన్ని. అలా అనుకుంటేనే కాళ్లు పనికి కదిలేవి."

"ఓసి నీ దుంపతెగ! నాకు గడ్డ ఉందని తెలిసి, ఐదు నెలలు ఎలా ఉన్నావని ఒక్కసారి కూడా అడగలేదేమే?"

పక్కున నవ్వింది. నవ్వుతూనే భోరుమంది. నేనూ ఏడ్చాను. నెపం పొగ మీదకి నెట్టి తప్పుకోను, నిజంగానే ఏడ్చాను. పక్క పొయ్యిల ఆడవాళ్లు చూస్తున్నారని కూడా పట్టించుకోలేదు.

"నాకు భయంగా ఉందే అక్కా," అంది. పది నిమిషాలే పెద్దదాన్నని అది నన్ను అంతకుముందెప్పుడూ అక్కా అని పిలవలేదు.

"భయపడు. భయపడుతూనే రా. నా పేరు మీద పోయావనుకో, కాగితాల ప్రకారం పోయేది నేను. మన వడ్రంగులు ఎవరు చేసిన పనిని బట్టి వాళ్లకి శవపెట్టె చెక్కేవాళ్లాయె, కెంకే ఆకారంలో పెట్టె చేసిస్తారు, నిన్ను అందులో పూడుస్తారు. జన్మంతా చేపలమ్మి కెంకేలో పోతావా?"

"ఛీ!" అంది ముక్కు తుడుచుకుంటూ. "నాకు చేప పెట్టె కావాలి."

"అయితే నీ పేరు మీదే బతుకు. నీ పేరు మీదే మందు తిను."

గురువారం పొద్దున్నే ఇద్దరం ఒకే గుడ్డతో కుట్టించిన బట్టలేసుకుని నోర్టే ముందు నిలబడ్డాం. వాడు నన్ను చూశాడు, దాన్ని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. కలం కింద పడేసుకున్నాడు.

అకూకో దరఖాస్తు ముందుకు తోసింది. రాత నాదే, మాటలు దానివి. 'మా అక్క ఫైల్లో ఉన్న నా కాగితాలు నాకు ఇప్పించగలరు.'

"ఇది పెద్ద తప్పు ఆంటీ. నేను పైకి రాయాలి. కార్డు ఆపేస్తారు," అన్నాడు నోర్టే. ఈసారి గొంతులో ఆ జాలీ పెద్దరికం లేదు.

"రాసుకో. ముందు కాగితాలు వేరు చెయ్," అన్నాను.

కొత్త అట్ట తీసి, పాత ఫైలు తెరిచి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. "మలేరియాలు?"

"నావి," అంది అకూకో.

"సెగ్గడ్డ?"

"నాదే. గట్టిగా అరవకు."

"చేప ముళ్లు?"

"మూడూ నావే."

"కుట్లు?"

అకూకో గడ్డం ఎత్తి చూపించింది. కాగితాలు ఒక్కొక్కటే కొత్త అట్టలోకి వెళ్లాయి. నా ఫైలు చిక్కి సగమైంది. ఇక ఒక్క కాగితం మిగిలింది. నోర్టే దాన్ని చేతిలోకి తీసుకున్నాడు గానీ, అడగలేక తల వంచుకున్నాడు. నేను చెబుదామని నోరు తెరిచాను. అకూకో నా చెయ్యి గట్టిగా నొక్కి నన్ను ఆపింది.

"అది కూడా నాదే నాయనా," అంది. "నా పేరు రాయి. అకూకో."