పదకొండో వరుస

"నా బల్ల మీద మాత్రం కాదు," అంది అమ్మ మూడోసారి. "అంతగా కత్తిరించాలంటే గ్యారేజీలోకి పోయి కత్తిరించుకో."

తమ్ముడు రోమన్ కదల్లేదు. కిరాణా కొట్టులో ఇచ్చే కాగితం సంచికి కళ్ల కోసం రెండు కన్నాలు పెడుతున్నాడు. ఒకటి పెద్దదీ, ఒకటి చిన్నదీ అయ్యాయి.

"ఊళ్లో సగం మంది ఇవాళ ఇవే తొడుక్కుని వస్తారమ్మా. పదిహేను ఆటలాడి రెండే గెలిచిన జట్టు! వీళ్ల మనుషులమని ముఖం చూపించుకోవాలా?"

"నీ ముఖం నలభై ఐదేళ్ల నుంచి చూస్తున్నాను. నేనెప్పుడైనా నీకు సంచి తొడిగానా?"

కిటికీ పక్కన బూట్ల తాళ్లు కట్టుకుంటున్న నాన్న నవ్వలేదు. ఆయన చూపు ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం మీద ఉంది.

మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియంలో పదకొండో వరుసలో, ఏటా డబ్బు కట్టి ఉంచుకునే నాలుగు సీట్లు నేను పుట్టకముందు నుంచీ మా నాన్న కాజిమీర్ పేరు మీద ఉన్నాయి. తుంటికి ఆపరేషన్ అయ్యాక, ఇక అన్ని మెట్లు ఎక్కే పని పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఈ నెలాఖరులోగా పిల్లల్లో ఒకరు ఆ కాగితం మీద సంతకం పెడితే సీట్లు వాళ్ల పేరుకు మారతాయి. లేకపోతే జట్టు వెనక్కి తీసుకుంటుంది. నాన్న రోమన్‌ని అడిగాడు. "ఏడాదికేడాది ఈ ఏడుపు నాకెందుకు నాన్నా?" అన్నాడు వాడు. నన్నెవరూ అడగలేదు. నేను కారు నడిపే మనిషిని, ఆట దగ్గర తినడానికి సాసేజీలు మూటగట్టే మనిషిని. సీట్లు నాన్నవి, ఆయన తర్వాత రోమన్‌వి. మా ఇంట్లో అది ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేని సంగతి.

రాత్రంతా మంచు పడింది. పారలున్నవాళ్లు పొద్దున్నే వచ్చి సీట్ల మీద మంచు తీయడానికి సాయం చేయమని రేడియోలో చెబుతున్నారు. నాన్న లేచి పార అందుకున్నాడు.

"ఓడిపోవడం చూడ్డానికి పోతూ వాళ్ల మంచు కూడా మనమే ఎత్తాలా?" అన్నాడు రోమన్.

"నువ్వు నీ కత్తిరింపులు చూసుకో," అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "లొరెయిన్, మీ నాన్నని ఒక్కణ్ణీ పంపకే."

నేను రెండో పార తీసుకున్నాను.

స్టేడియంలో నాన్న మా నాలుగు సీట్లూ శుభ్రం చేశాడు, కానీ ఆగలేదు. పక్క సీటుకు జరిగాడు.

"ఇది ఫీలిక్స్‌ది. వాడికి నడుం వంగదు." ఇంకోటి. "ఇది మేబెల్ గారిది. తడి తగిలితే ఆట మొత్తం సణుగుతూనే ఉంటుంది." అలా కుంటుకుంటూ వరుస చివరిదాకా వెళ్లాడు. అక్కడ నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. "ఇది చెస్టర్‌ది. పోయిన వసంతంలో పోయాడు కదా. ఇప్పుడు వాళ్లమ్మాయి వస్తోంది."

"అమ్మాయా?"

"ఏం, అమ్మాయికి కళ్లుండవా ఆట చూడ్డానికి?" అంటూ పార మంచులో గుచ్చాడు.

తనేమన్నాడో ఆయనకు తట్టలేదు. నేను మాత్రం ముందుకొచ్చి ఆ సీటు మీద మంచు నేనే తీశాను.

మధ్యాహ్నం ఆట మొదలయ్యే వేళకు రోమన్ వచ్చాడు, తల మీద సంచితో. ఫీలిక్స్ వంగి కన్నాల్లోకి తొంగి చూశాడు. "ఎవరండీ తమరు? ఇది కాజిమీర్ కొడుకు సీటు." చుట్టూ నవ్వారు. సంచి వెళ్లి తన సీట్లో కూర్చుంది.

ఆ రోజు మావాళ్లు బాగా ఆడారు. గెలిచినా వచ్చేదేమీ లేని, ఆ ఏటికి ఆఖరి ఆట అది. అయినా బురదలో పడుతూ లేస్తూ గజం గజం ముందుకు వెళ్లారు. మంచు వానగా మారింది. చివర్లో, మూడు పాయింట్లు వెనకబడి ఉండగా, బంతిని రెండు స్తంభాల మధ్యకు తన్నితే ఆట సమమయ్యే ఘట్టం వచ్చింది. రోమన్ లేచి నిలబడి గొంతు చించుకుని అరుస్తున్నాడు. తడిసిన సంచి ముక్కలుగా ఊడి మెడ చుట్టూ వేలాడింది. బంతి స్తంభానికి తగిలి బయట పడింది.

"ముఖం బయటపడిందిరా," అన్నాడు నాన్న మెల్లగా.

స్టేడియం ఖాళీ అవడం మొదలైంది. పదకొండో వరుస కదల్లేదు. ఆఖరి ఆటగాడు లోపలికి వెళ్లేదాకా నిలబడి చప్పట్లు కొట్టడం మా వరుస ఆనవాయితీ. గెలిచిన రోజు ఎవరైనా కొడతారు, ఓడిన రోజు కొట్టాలి అనేవాడు చెస్టర్. ఆ బంతి తన్నిన కుర్రాడు మైదానం పక్కనున్న బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. అతను లేచేదాకా చలిలో అలాగే ఉన్నాం. చేతి తొడుగుల వల్ల మా చప్పట్లు తివాచీ దులిపినట్టు వినిపించాయి. అతను వెళ్తూ వెళ్తూ తలెత్తి మా వైపు చూశాడు.

"ఇంటికెళ్లి వేడిగా ఏమైనా తాగు బాబూ!" అని అరిచింది మేబెల్. "వచ్చే ఏడు కలుద్దాం!"

అతను చెయ్యి పైకెత్తాడు. రోమన్ కూడా చప్పట్లు కొడుతున్నాడు, గడ్డానికి కాగితం ముక్కలు అంటుకుని ఉండగానే. నేను వరుస పొడుగునా చూశాను. మా నాలుగో సీటు తప్ప ఒక్కటీ ఖాళీగా లేదు. ఇంత చెడ్డ ఏడాదిలో, ఇంత చలిలో, అందరూ ఉన్నారు. వీళ్లు నా వాళ్లు అనుకున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ క్యాబేజీ సూపు వడ్డించింది. నాన్న రొట్టె తుంచి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "ఆ ఫ్రిజ్ మీద కాగితం తీసేయ్ బెర్నీస్. వీడు వద్దన్నాడుగా."

అమ్మ లేచి వెళ్లింది. కాగితం దగ్గర ఆగిపోయింది. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివింది.

"దీని మీద సంతకం ఉందే."

"కోటు విప్పుతూ పెట్టాను," అన్నాను. "నా పేరు మీద."

రోమన్ చెంచా ఆగింది. నాన్న నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"అక్కా, నా సీటు?"

"సంచి లేకుండా వస్తే ఉంది. ఇంకోటి అమ్మది. నాన్నా, నీది నీదే. ఎక్కగలిగిన రోజు ఎక్కు. మంచు మాత్రం ఇకమీదట వరుసంతా నేనే తీస్తాను."